మ్రింగుడు పడని ముద్ద

అన్నము తినుట తేలికయైన పని యని మనకందరకు తోచును. ముద్ద కలుపుట, నోట పెట్టుకొనుట, నమలుట, ఇంతవరకు పని మనది. నాలుక ఆ ముద్దను గొంతులోనికి నెట్టిన క్షణము నుండి దానిపై మనకు అధికారము లేదు. గొంతు నుండి జఠరము వరకు, పెద్దవారిలో సుమారు 25 సెంటీమీటర్ల పొడవు గల కండరపు గొట్టము ఒకటి దానిని తీసికొనిపోవును. దీనినే ఆహారవాహిక యందురు. బావిలో వేసిన రాయివలె ముద్ద తన బరువుతో క్రిందికి జారిపోవునని కొందరనుకొందురు. అది నిజము కాదు. ఆరోగ్యవంతుడు తలక్రిందులుగా నుండియు నీరు మ్రింగగలడు. గొట్టపు గోడలోని కండరము ముద్దకు వెనుక బిగియుచు, ముందు సడలుచు, అలవలె దానిని నడిపించును.

ఈ గొట్టము చివర, జఠరమును చేరుచోట, మూడు నాలుగు సెంటీమీటర్ల మేర కండరము వలయముగా బిగిసియుండును. అదియొక ద్వారము. జఠరములోని ఆమ్లము పైకి పొంగకుండ మూసికొనియుండుట దాని ధర్మము. అయితే మనము మ్రింగగానే, ముద్ద ఇంకను పైభాగముననే యుండగా, ఆ ద్వారము సడలి సిద్ధముగా నుండును. చుట్టము వీధి మలుపు తిరుగకముందే తలుపు తీసి నిలుచున్న ఇల్లాలి వలె. ముద్ద లోనికి పోయిన పిమ్మట మరల బిగియును. ఇది రోజుకు వందలసార్లు జరుగుచున్నను మనకు తెలియనే తెలియదు. తెలిసినదనిన ఏదియో చెడినదన్నమాట.

తలుపు తీయుమని ఆజ్ఞ యిచ్చునవి నాడీకణములు. ఆహారవాహిక గోడలో కండరము రెండు వరుసలుగా నుండును. లోపలి వరుస వలయములుగాను, వెలుపలి వరుస నిలువుగాను అమరియుండును. ఆ రెండింటి నడుమ నాడీకణములు వలవలె అల్లుకొని యున్నవి. వానిలో కొన్ని ‘బిగియుము’ అనును. కొన్ని ‘సడలుము’ అనును. సడలుమని చెప్పు కణములు నైట్రిక్ ఆక్సైడు అను పదార్థమును వెలువరించి కండరమును సడలించును. కొందరిలో ఈ రెండవ జాతి కణములే క్రమముగా నశించిపోవును. బిగియుమను మాట మిగిలినది. సడలుమను మాట పోయినది. ద్వారము మూసినది మూసినట్లే యుండును. పైనుండి ముద్దను త్రోయవలసిన అలయు దెబ్బతినును. ఈ వ్యాధికే అకలేషియా యని పేరు. గ్రీకు భాషలో దీనికి ‘సడలకుండుట’ అని యర్థము. అంతకు పూర్వము వైద్యులు దీనిని అధికముగా బిగిసిపోవు రోగమనుకొని వేరొక పేరు పెట్టిరి. బిగియుట తప్పు కాదు, విడువకపోవుటయే తప్పు అని గ్రహించిన తరువాత పేరు మారినది.

కణములేల నశించునన్నదానికి నిశ్చితమైన సమాధానము నేటికిని లేదు. శరీరమునకు రక్షణ కల్పించవలసిన వ్యవస్థయే పొరబడి తన కణములపై దాడి చేయుచున్నదని పెక్కుమంది వైద్యుల అభిప్రాయము. దక్షిణ అమెరికాలో చాగస్ వ్యాధి యను పరాన్నజీవి రోగము వలనను సరిగా ఇట్టి స్థితియే కలుగును. వ్యాధి అరుదైనది. ఏటేటా లక్షమందిలో సుమారు ఒకరికి క్రొత్తగా వచ్చునని లెక్క. స్త్రీ పురుష భేదము లేదు; ఏ వయస్సులోనైన రావచ్చును. లక్షకు ఒకరేగదా యనవచ్చును. కాని ఆ ఒకరికి పూటపూటకు పరీక్షయే.

ఆ యొకరిని ఊహించుకొందము. నడివయసు ఇల్లాలు. మొదట ఆమెకు ముద్ద ఛాతి నడుమ ఆగినట్లుండెను. గ్రుక్కెడు నీరు త్రాగినచో దిగెను. కొన్ని నెలలకు నీరును ఆగసాగెను. భోజనము నడుమ లేచి నాలుగడుగులు వేయుట, వెన్ను నిటారుగా చేసి భుజములు వెనుకకు విరుచుట, గ్రుక్క మీద గ్రుక్క త్రాగి ఆ బరువుతో ముద్దను నెట్టుట ఆమె తనంతట తాను నేర్చుకొన్న ఉపాయములు. అందరకు పదినిమిషముల భోజనము ఆమెకు ముప్పావుగంట. పంక్తిలో కూర్చుండుటకు సిగ్గు. పెండ్లికి పోయినను ‘ఇంటివద్ద తిని వచ్చితిని’ అనును. ఇంటిలో అందరు తినిన పిమ్మట వంటయింట ఒంటరిగా కూర్చుండి తినును. రాత్రి పరుండినచో, పగలు తినిన అన్నము పులియక, జీర్ణము కాక, నోటిలోనికి తిరిగి వచ్చును. తలగడ తడియును. నిద్రలో ఆ ద్రవము శ్వాసనాళములోనికి దిగి దగ్గు పుట్టించును. ఛాతిలో నొప్పి వచ్చినపుడు గుండెపోటని ఇంటిల్లిపాది భయపడుదురు. ఏడాదిలో రవికలన్నియు వదులైనవి.

ఇట్టివారు సరియైన వైద్యుని వద్దకు చేరుటకు ఏండ్లు పట్టుట సామాన్యము. తిరిగి వచ్చునది పుల్లని ఆమ్లము కాకపోయినను ఆమ్లరోగమనుకొని మాత్రలు వాడుదురు. రాత్రి దగ్గునకు ఉబ్బసపు మందు వాడుదురు. గుండె పరీక్షలు జరుగును. అన్నియు సరిగానున్నవని తేలిన పిమ్మట మిగులునది ఒక్కమాట: ‘ఇది మనోవ్యాధి.’ శరీరములో చెడినదానిని కనిపెట్టలేక మనస్సుపై నెట్టుటకంటె రోగికి బాధాకరమైనది మరియొకటి లేదని నా యభిప్రాయము. ఆమె నిదానముగా తినుట నాజూకుతనము కాదు. అది శ్రమ.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. మ్రింగుట కష్టమగుటకు కారణములు వేరును కలవు. అకలేషియాలో ఆరంభము నుండియు గట్టి పదార్థములు, ద్రవములు రెండును ఆగును. రోగము నెలలు, ఏండ్లు సాగును. మొదట అన్నము మాత్రమే ఆగి, పిదప మెత్తని జావ ఆగి, కొలది వారములలో నీరును ఆగు స్థితి వచ్చినచో, అందును పెద్ద వయసువారిలో బరువు వేగముగా తగ్గుచున్నచో, ఆహారవాహికలో పుండో కంతియో యున్నదేమోనని వెంటనే చూడవలెను. జఠరపు మొదట పుట్టిన క్యాన్సరు అచ్చముగా అకలేషియా వేషము వేసికొనియు వచ్చును. కాబట్టి మ్రింగుట కష్టమైనవారికి మొదట ఎండోస్కోపు పరీక్ష జరుగవలెను. వేలిలావు గల, ఎటుబడిన అటు వంగు గొట్టమును నోటి ద్వారా లోనికి పంపి, దాని చివరనున్న కెమెరాతో చూచుటయే ఈ పరీక్ష. క్యాన్సరు లేదని దీనివలన తెలియును. కాని అకలేషియా ఉన్నదని ఒక్కొక్కప్పుడు దీనివలన తెలియదు. ఏలయనగా కొంచెము నొక్కినచో ఎండోస్కోపు ఆ ద్వారమును దాటిపోవును. చూచువారికి అంతయు సరిగానున్నట్లే తోచును.

అందువలన ఇంకను రెండు పరీక్షలు చేయుదురు. బేరియమను తెల్లని ద్రవమును త్రాగించి ఎక్స్‌రే తీసినచో, పైన ఉబ్బిన గొట్టము, క్రింద పక్షిముక్కువలె సన్నగిల్లిన కొన కనబడును. ఒకటి, రెండు, ఐదు నిమిషములకు చిత్రములు తీసి ఎంత నిలిచియున్నదో కొలుతురు. రెండవది పీడనమును కొలుచు పరీక్ష. ముక్కు ద్వారా సన్నని తీగవంటి గొట్టమును దింపి, రోగి గ్రుక్కలు మ్రింగుచుండగా, ప్రతి సెంటీమీటరు వద్ద కండరము ఎంత బిగిసినది, ఎంత సడలినది వ్రాసికొందురు. తుదినిర్ణయము దీనిదే. దీనినిబట్టి వ్యాధిని మూడు తరగతులుగా విభజింతురు. మొదటి తరగతిలో గొట్టము చలనమే లేక పడియుండును. రెండవదానిలో గొట్టమంతయు ఒకేమారు ఒత్తిడికి లోనగును. మూడవదానిలో అది అడ్డదిడ్డముగా గట్టిగా ముడుచుకొనును. చికిత్సకు బాగుగా లొంగునది రెండవది.

చికిత్స కథ తిమింగిలముతో ఆరంభమైనది. 1674లో ఇంగ్లీషు వైద్యుడు థామస్ విల్లిస్ తన రోగి యొకనికి తిమింగిలపు ఎముకను సన్నని కడ్డీగా చేయించి, కొనకు స్పంజిముక్క కట్టి యిచ్చెను. ఆ రోగి భోజనముతో పాటు దానిని గొంతులో దించి, ఆగిన ముద్దలను జఠరములోనికి నెట్టుకొనుచు పదునైదేండ్లు బ్రతికెనని విల్లిస్ వ్రాసెను. మోటుపనియే గాని, అందలి సూత్రము నేటికిని మారలేదు. నశించిన నాడీకణములను తిరిగి మొలిపించు ఔషధము లేదు. ద్వారము తనంతట తాను తెరువదు గనుక మనమే ఎట్లో దానిని తెరువవలెను. ఆ యెట్లు అన్నదే మారుచు వచ్చినది.

1913లో జర్మను శస్త్రవైద్యుడు ఎర్నెస్ట్ హెల్లర్ కడుపు కోసి, ఆహారవాహికను వెలుపలి నుండి చేరి, బిగిసిన కండరమును నిలువున చీల్చెను. లోపలి మెత్తని పొరకు గాయము తగులనీయలేదు. ఈ శస్త్రచికిత్స ఇప్పటికిని ఆయన పేరనే నడుచుచున్నది. 1991 నాటికి పెద్దకోత పోయి, కడుపుపై నాలుగైదు చిన్న రంధ్రముల గుండా చేయు పద్ధతి వచ్చెను. మరియొక మార్గము బెలూను. మూడు నాలుగు సెంటీమీటర్ల వెడల్పునకు ఉబ్బు బెలూనును ద్వారములో నుంచి గాలి నింపి కండరపు పోగులను తెంపుదురు. ఇది సులభము. కాని పెక్కుమందికి మరల మరల చేయవలసివచ్చును. అరుదుగా గోడ చిరుగును. బొట్యులినమ్ అను విషమును స్వల్పముగా సూదితో ఇచ్చి కండరమును నిస్త్రాణము చేయు పద్ధతియు కలదు. దాని ప్రభావము కొన్ని మాసములే. ముసలివారికి, శస్త్రమునకు తగనివారికి అది ఉపకరించును. మాత్రల సంగతి చెప్పుకొనదగినది కాదు.

ఎండోస్కోపు చేతిలో నుండగా లోపలి నుండియే ఆ కండరమును కోయరాదా యన్న ప్రశ్న సహజము. 1980లో ఓర్టెగా అను వైద్యుడును ఆయన సహచరులును అట్లే చేసిరి. లోపలి పొరను, దాని వెనుక కండరమును ఒకేచోట తిన్నగా కోసిరి. ఆ పద్ధతి వ్యాపించలేదు. భయమునకు కారణమున్నది. ప్రేగులకు వెలుపల గట్టి పొర యొకటి యుండును; ఆహారవాహికకు అది లేదు. కండరము దాటినచో వెంటనే గుండె, ఊపిరితిత్తుల నడిమి స్థలము. అచటికి ఎంగిలి చేరినచో చీము పట్టి ప్రాణము మీదికి వచ్చును. లోపలి పొర తెగినచోటనే కండరమును తెగినచో, ఆ రెండు రంధ్రములును ఒకదానికెదురుగా ఒకటి యుండును. వీధితలుపునకు సూటిగా పెరటితలుపున్నట్లు, ప్రవేశించినది తిన్నగా వెలుపలికి పోవును.

చిక్కు విడదీసిన ఆలోచన విన్నప్పుడు ఇంతేగదా యనిపించును. తలుపులను ఎదురెదురుగా పెట్టవలదు. ఇంటిలో బొందుసంచి యున్నచో దానిని ఒకమారు చేతిలోనికి తీసికొనుడు. సంచి మూతిని బిగించునది బొందు. ఆ బొందు గుడ్డమడతలో, కుట్టిన దోపులో, నడుచును. బొందును తెంపవలెను, కాని మూతివద్ద గుడ్డ చిరుగరాదనినచో ఏమి చేయుదుము? దోపునకు దూరముగానున్న కంత గుండా సన్నని కత్తెరను జొనిపి, మడత లోపలనే బొందును తెంపి, కత్తెరను వెలుపలికి తీసి, ఆ కంతను కుట్టివేయుదుము. మూతి వదులగును, మూతివద్ద గుడ్డ చెక్కుచెదరదు.

ఆహారవాహికలో లోపలి పొరకు, కండరమునకు నడుమ ఇట్టి దోపు సిద్ధముగా లేదు. కాని అచట సాలెగూటివంటి వదులైన పదార్థమున్నది. దానిని విడదీసి దోపును కల్పింపవచ్చును. 2007లో భారత సంతతికి చెందిన వైద్యుడు పంకజ్ పాశ్రీచా, ఆయన సహచరులు అమెరికాలో పందులపై దీనిని చేసి చూపిరి. 2008 సెప్టెంబరులో జపానులోని యొకోహామా నగరమున హారుహిరో ఇనోవే మొదటిసారి రోగికి చేసెను. 2010లో పదునేడుగురి ఫలితములు ప్రకటించెను. జపానులో ఇది జరుగుట కాకతాళీయము కాదు. తొలిదశలోనున్న క్యాన్సరును ఎండోస్కోపుతోనే పొర వెంబడి ఒలిచి తీయు విద్యలో ఆ దేశపు వైద్యుల చేతులు అంతకుముందే ఆరితేరియున్నవి. ఈ చికిత్స పేరు ఇంగ్లీషులో పొడుగైనది. దాని మొదటి యక్షరములు కూర్చినచో ‘పోయెమ్’ అగును. పద్యమని అర్థము వచ్చు ఈ పేరు విని నవ్వుకొన్న రోగులును లేకపోలేదు.

పని జరుగు క్రమమిది. ముందు ఒకటి రెండు రోజులు రోగికి ద్రవాహారమే యిత్తురు; ఆహారవాహికలో నిలువయున్న పాత అన్నమును ఎండోస్కోపుతో శుభ్రము చేయుదురు. ఇది అప్రధానమనుకొనరాదు. మత్తు ఇచ్చునపుడు ఆ నిలువ ఊపిరితిత్తులలోనికి పోయినచో మొదటికే మోసము. పిమ్మట పూర్తి మత్తునిచ్చి, శ్వాసకు గొట్టము అమర్చుదురు. ఎండోస్కోపు కొనకు పారదర్శకమైన చిన్న టోపీ తొడుగుదురు. ద్వారమునకు చాల ఎగువన, నీలిరంగు కలిపిన ఉప్పునీటిని లోపలిపొర క్రింద సూదితో ఎక్కించినచో, అచట పొర బుడగవలె లేచును. విద్యుత్తుతో కోయు సన్నని కత్తితో ఆ బుడగపై సుమారు రెండు సెంటీమీటర్ల గాటు పెట్టుదురు. టోపీతో పొరను ఎత్తుచు ఎండోస్కోపు ఆ గాటులో దూరును. అక్కడినుండి నీలినీటిని చిమ్ముట, నీలముగా కనబడిన పోగులను కోయుట, ఒక అడుగు ముందుకు జరుగుట. ఇట్లు సొరంగము సాగును. ఒకవైపు తెల్లని కండరము, ఒకవైపు పలుచని పొర, నడుమ నీలిరంగు. రక్తనాళము ఎదురైనచో కోయకముందే కాల్చి మూయుదురు. సొరంగము ద్వారమును దాటి జఠరములో రెండు మూడు సెంటీమీటర్లు పోవును.

అంతట కత్తిని కండరము వైపు త్రిప్పుదురు. గాటు పెట్టినచోట కాదు, దానికి రెండు మూడు సెంటీమీటర్ల దిగువనుండి ఆరంభించి, వలయపు కండరమును జఠరము వరకు చీల్చుకొనిపోవుదురు. ఈ చీలిక సాధారణముగా ఎనిమిది పది సెంటీమీటర్లు ఉండును. మూడవ తరగతివారిలో కండరము పైదాక ముడుచుకొనును గనుక చీలికను ఇంకను ఎగువకు పొడిగింతురు. కడుపు ద్వారా వచ్చు శస్త్రవైద్యునికి అంత యెత్తు అందుట కష్టము. ఈ పద్ధతికి గల గొప్ప సౌకర్యమిది. లోపల ఉబ్బించుటకు మామూలు గాలి వాడరు. బొగ్గుపులుసు గాలినే వాడుదురు, అనగా కార్బన్ డయాక్సైడును. అది కండరము దాటి బయటికి జారినను రక్తము త్వరగా పీల్చుకొనును. చీల్చుట ముగిసిన తరువాత ఎండోస్కోపును సొరంగమునుండి వెనుకకు తీసి, పైగాటును చిన్న లోహపు క్లిప్పులతో మూయుదురు. కండరము తెగినచోట లోపలిపొర చెక్కుచెదరక యున్నది. పొర తెగినచోట కండరము చెక్కుచెదరక యున్నది. క్లిప్పులు కొన్ని వారములకు తమంతట తాము ఊడి మలముతో పోవును. చర్మముపై మచ్చ యుండదు. మొత్తము పని సాధారణముగా గంట, రెండు గంటలు.

మరునాడు ఎక్స్‌రేలో కనబడు ద్రవమును త్రాగించి, ఎచటను కారుట లేదని చూచి, ద్రవాహారము మొదలిడుదురు. పెక్కుమంది రెండు మూడు రోజులలో ఇల్లు చేరుదురు. జావ, పిమ్మట మెత్తని అన్నము, వారము రెండు వారములలో మామూలు భోజనము.

ఫలితములను కొలుచుటకు మ్రింగుటలో కష్టము, తినినది తిరిగివచ్చుట, ఛాతినొప్పి, బరువు తగ్గుట అను నాలుగింటికి మార్కులు వేయుదురు. 2019లో ప్రకటితమైన ఒక యూరపు పరిశోధనలో 221 మంది రోగులను చీట్లు వేసినట్లు రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ చికిత్సను, వేరొక జట్టుకు రంధ్రముల ద్వారా చేయు హెల్లర్ శస్త్రమును చేసిరి. రెండేండ్లకు మొదటి జట్టులో నూటికి 83 మంది, రెండవ జట్టులో సుమారు 82 మంది సుఖముగానుండిరి. రెండును సమానమే. ఆ యేటనే ప్రకటితమైన మరియొక పరిశోధనలో బెలూనుతో పోల్చిరి. అందు పోయెమ్ నూటికి 92 మందిలోను, బెలూను 54 మందిలోను ఫలించినది.

కాని ఊరకే వచ్చునది ఏదియు లేదు. ఆ ద్వారము ఆమ్లమును అడ్డగించుటకు పెట్టిన కాపలా యని ముందే చెప్పితిని. కాపలాను తీసివేసితిమి, ఆమ్లము పైకి వచ్చుటలో వింతయేమి? హెల్లర్ శస్త్రము చేయువారు జఠరపు పైభాగమును కొంత మడిచి చుట్టి, కవాటమువంటిదానిని కుట్టుదురు. ఎండోస్కోపుతో చేయుపనిలో సాధారణముగా అట్టి యేర్పాటు ఉండదు. పైన చెప్పిన యూరపు పరిశోధనలో రెండేండ్లకు పోయెమ్ జట్టులో నూటికి 44 మందికి, హెల్లర్ జట్టులో 29 మందికి ఆహారవాహికలో ఆమ్లపు పుండ్లు కనబడినవి. కొందరికి గుండెమంట తెలియదు, పుండు మాత్రముండును. కాబట్టి బాధ లేదుగదా యని మానక, చెప్పిన గడువునకు ఎండోస్కోపు చేయించుకొనవలెను. ఆమ్లము తగ్గించు మందును వైద్యుడు మానుమనువరకు మానరాదు. కోతలేదు, మచ్చలేదు, రెండు రోజులలో ఇల్లు అని మాత్రము చెప్పి ఈ సంగతి చెప్పనివారు రోగికి సగమే చెప్పినవారు. చేయువారి చేతి అనుభవము కూడ ముఖ్యము. సొరంగములో పొర చిరుగుట, రక్తస్రావము జరుగవచ్చును. వానిని అక్కడికక్కడే చక్కదిద్దుట అలవడినవారివలననే అగును.

అనుభవము కొరకు మనవారు ఇప్పుడు జపాను పోనక్కరలేదు. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ వైద్యులు 2013 నుండి ఈ చికిత్స చేయుచు, రెండువందలమందికి పైగా రోగుల ఫలితములను 2016లో ప్రకటించిరి. మునుపు బెలూను చేయించుకొన్నవారికి, హెల్లర్ శస్త్రము జరిగి మరల కష్టమైనవారికిని ఇది చేయవచ్చును. చాల యేండ్లు ఉపేక్షించుటచే గొట్టము మెలికలు తిరిగి పెద్ద తిత్తివలె సాగిపోయినచో మాత్రము లాభము తక్కువ. కొందరికి ఆహారవాహికనే తీసివేయవలసివచ్చును. ఏండ్లతరబడి అన్నము నిలువయుండిన గొట్టములో క్యాన్సరు పుట్టు అవకాశమును ఇతరులకంటె ఎక్కువ. త్వరగా గుర్తింపవలెననుట ఇందులకే.

తెరచినది ద్వారము మాత్రమే. గొట్టములోని అల తిరిగి రాదు. మనము ఊహించుకొన్న ఆ యిల్లాలు చికిత్స తరువాత తినునన్నము నిజముగనే బావిలో రాయివలె తన బరువుతో దిగవలసియుండును. అందుచేత ఆమె నిటారుగా కూర్చుండియే తినవలెను. బాగుగా నమలి, నడుమనడుమ నీరు త్రాగవలెను. రాత్రి భోజనమునకు, పడకకు మూడు గంటల యెడమ ఉండవలెను. మంచము తలవైపు కోళ్ల క్రింద ఇటుక పెట్టి ఎత్తు చేయవలెను. పంక్తిలో కూర్చుండుటకు అడ్డేమియు లేదు; వడ్డించువారు తొందర పెట్టకున్న చాలును.